ఇంటివైపు తిరిగిన కుర్చీలు

ఆ ఏడు బెల్లోస్ వీధిలో పడ్డ మంచు గురించి ఎవరైనా తక్కువ చేసి చెబితే, వాళ్లు ఆ వీధివాళ్లు కారని పోల్చుకోవచ్చు. నడుములోతు అంటారు కొందరు. ఎవరి నడుమో మాత్రం చెప్పరు. ఎజ్రా టిబ్స్‌గారి కుక్క నిచ్చెన అవసరం లేకుండా నడుచుకుంటూ ఇంటికప్పు మీదికి వెళ్లి, పొగగొట్టం పక్కన వెచ్చగా పడుకుని, మూడో నాడు మంచు కుంగిపోయాక దిగే దారి లేక ఊళ్లు లేచేలా ఏడ్చింది. పోస్టుమాను ఉత్తరాలు మేడ కిటికీల్లోంచి అందించి పోయాడు. ఇందులో ఒక్క అబద్ధమూ లేదు. కుక్క దగ్గర కాస్త ఉంటే ఉండవచ్చు.

పిట్స్‌బర్గ్‌కి ఎగువన నది వంపు తిరిగేచోట, కొండకి జిగురు పెట్టి అంటించినట్టుండే ఊరు కార్డెన్. అందులోనూ బెల్లోస్ వీధి వాలు చూస్తే మేకలు కూడా ఒక నిమిషం నిలబడి ఆలోచిస్తాయి. పై ఇంట్లో చెయ్యిజారిన బంగాళాదుంప దొర్లుకుంటూ వచ్చి కింది ఇంటివాళ్ల సూపుగిన్నెలో పడుతుంది. పడితే తిరిగి ఇవ్వరు. కొండ కింద ఉక్కుమిల్లు మూతపడి అప్పటికి రెండేళ్లు. పొగ లేదు గనక ఆరేసిన బట్టలు తెల్లగానే ఉంటున్నాయి. వాటిని వేసుకుని వెళ్లడానికి పనే లేదు.

ఆ వీధికి రాణి లూడీ. పూర్తిపేరు లూడ్మిలా హర్చార్, వయసు పదిహేనున్నర. పట్టాభిషేకం ఎవరూ చెయ్యలేదు, తనే చేసుకుంది. ఎండాకాలం గడ్డి కోసేది, ఆకులు రాలే రోజుల్లో ఇంటిచూరు కాలవల్లో చెత్త తీసేది, కొండ కింద బస్సు దిగిన ముసలివాళ్ల సంచులు వీధిదాకా ఉన్న నూట పద్నాలుగు మెట్లూ మోసుకొచ్చి గుమ్మంలో పెట్టేది. పొయ్యిల్లో బూడిద ఎత్తేది, చెట్టెక్కిన పిల్లుల్ని దించేది. ఒకసారి మామ్మ సబోల్ ఇంటి ఫ్రిజ్‌ని వీపుమీద పెట్టుకుని ఆ నూట పద్నాలుగు మెట్లూ ఎక్కాననీ, లోపలున్న పాలు ఒక్క చుక్క కూడా ఒలకలేదనీ చెప్పుకునేది. "ఫ్రిజ్ తలుపు తెరిస్తే పాలు నిద్రపోతున్నాయి, అంత మెత్తగా తెచ్చా" అనేది. నమ్మనివాళ్లతో పేచీ పెట్టుకునేది కాదు. ఇంకో కథ చెప్పేది.

కానీ పార విషయంలో కోతలు అక్కర్లేదు. మంచు ఎత్తడంలో ఆ కొండమీద లూడీని మించినవాళ్లు లేరు. పారరేకుకి కొవ్వొత్తి మైనం దట్టంగా పూసేది, మంచు అతుక్కోకుండా. మెట్లు ఎప్పుడూ పైనించి కిందికి, ఒక్కొక్కటే చెక్కినట్టు తీసేది. ఎత్తిన మంచు పక్కింటివాళ్లు తవ్వుకున్న చోట ఒక పిడికెడైనా పడనిచ్చేది కాదు. చివరికి గచ్చు మీద బొగ్గు బూడిద చల్లేది. ఉప్పు కొనేవాళ్లు డబ్బున్నవాళ్లు, బూడిద చల్లేవాళ్లు తెలివున్నవాళ్లు అని ఆమె సిద్ధాంతం.

ఇంత కష్టం దేనికంటే, వెల్డింగ్ కోసం. పక్క ఊళ్లో చేతిపనుల బడి ఉంది. మార్చి ఒకటిన కొత్త తరగతి మొదలవుతుంది. చదువు ఊరికే చెబుతారు గానీ ముఖానికి కట్టుకునే ముసుగు, తోలు చేతొడుగులు, ఉక్కు ముక్కున్న బూట్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. మొత్తం ఎనభై నాలుగు డాలర్లు. ఆ రోజుకి అవి చేతిలో లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. పేరు రాయించుకోవడానికి వెళ్లినప్పుడు అక్కడి మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఆడపిల్లవి కదమ్మా, పక్కగదిలో టైపింగ్ ఉంది."

"టైపు మిషన్ విరిగితే ఎవరు అతికిస్తారండీ?" అంది లూడీ.

మాస్టారు పేరు రాసుకున్నాడు.

తండ్రి స్టెఫాన్ మాత్రం అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఇరవై రెండేళ్లు మిల్లులో కొలిమి దగ్గర చేసిన మనిషి. మిల్లు పోయాక కారు అమ్మేశాడు. ఆ తర్వాత మాటలు కూడా ఎక్కడో అమ్మేసినట్టే ఉండేవాడు. కిటికీ దగ్గర కూర్చుని నదికేసి చూసేవాడు.

ఇక ఆ వీధి రాజ్యాంగం సంగతి. రాసిన కాగితం ఎక్కడా లేదు, కానీ పసిపిల్లలకి కూడా కంఠతా వచ్చు. మంచు తవ్వి కారుకి చోటు చేసుకున్నవాడు అక్కడ ఒక కుర్చీ పెడతాడు. మంచు కరిగేదాకా ఆ చోటు ఆ కుర్చీది. కదపరాదు. కారు లేని ఇళ్లూ పెడతాయి. మామ్మ సబోల్ తన ఇంటిముందు చోటు ఆదివారాలు వచ్చే కొడుకు కోసం కాచేది. ఎర్ర రెక్సిన్ చిరిగితే తెల్ల ప్లాస్టరు వేసిన స్టీలు గొట్టాల కుర్చీ ఆవిడది. టిబ్స్‌గారిది ఆకుపచ్చ పట్టీల మడతకుర్చీ. ఇంటి నంబర్లు చూసి కాదు, కుర్చీలు చూసి ఇళ్లు గుర్తుపట్టేవాళ్లు. ఎప్పుడో పాతకాలంలో ఊరుగాని ఊరునించి వచ్చిన ఒకాయన కుర్చీ పక్కకి జరిపి తన కారు పెట్టుకున్నాడట. పొద్దున లేచేసరికి కారు నిలువెత్తు మంచుగడ్డలో, గాజుపెట్టెలో పెట్టిన పెళ్లికేకులా ఉందట. ఏప్రిల్ దాకా బస్సెక్కి తిరిగాడట. రాత్రంతా దానిమీద నీళ్లు కొట్టిందెవరో తేల్చడానికి, వీధిలో ఉన్న రబ్బరు గొట్టాల్లో ఏది తడిగా ఉందని పోలీసులు వెతికితే అన్నీ తడిగానే ఉన్నాయట.

స్టెఫాన్ కారు అమ్మిన రోజునే తమ కుర్చీని నేలమాళిగలో పడేశాడు. హర్చార్‌ల ఇంటిముందు చోటు రెండేళ్లుగా ఖాళీ.

జనవరి చివర మొదటి పెద్ద మంచు పడింది. లూడీ తెల్లారగానే బయల్దేరి పదకొండు తలుపులు కొట్టింది, పది మెట్ల వరసలు తీసింది. పన్నెండో తలుపు ముందు చెయ్యెత్తేసరికి వెనకనించి పిలుపు వచ్చింది. పోలీసు గాఫ్నీ. ఈ కొండమీదే పుట్టి, కింద చదునులో పెళ్లి చేసుకుని దిగిపోయిన మనిషి. మీసం మీద మంచు పేరుకుని ఉంది.

"లూడీ, ఆ పార కింద పెట్టి ఇలా రా."

"కింద పెడితే మునిగిపోతుంది సార్. పట్టుకునే వింటా."

"తలుపులు కొట్టి పని అడుగుతున్నావట."

"కొట్టకుండా అడిగితే వినపడదు కదా సార్."

గాఫ్నీ నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. "ఫిర్యాదు వచ్చిందమ్మాయ్. ఇల్లిల్లూ తిరిగి పని అడగాలంటే ఊరి ఆఫీసులో పర్మిట్ తీసుకోవాలి. ముప్ఫై అయిదు డాలర్లు."

"తీసుకుంటా."

"నీకివ్వరు. పద్దెనిమిది నిండాలి."

"అప్పటిదాకా మంచు పడకుండా ఆగుతుందా? దాని పర్మిట్ ఎవరు చూశారు?"

"ఇంకో తలుపు కొట్టావంటే మీ నాన్నని మేజిస్ట్రేటు ముందుకి పిలవాల్సి వస్తుంది. జరిమానా వేస్తారు. నాకు ఇష్టమై చెప్పట్లేదు."

ఫిర్యాదు ఇచ్చింది ఎవరో అడగాల్సిన పని లేకపోయింది. వీధి మొదట్లో పసుపుపచ్చ ట్రక్కు నిలబడి ఉంది, ముందు మంచు తోసే పెద్ద ఇనపరేకు. దాని పక్కన డ్వైట్ ప్రెంటిస్. కొండ నెత్తిమీద చదునులో కొత్త ఇళ్లు లేచాయి, అక్కడ కార్లకి కూడా పడగ్గదులుంటాయి. ఆ ఇళ్ల మనిషి. అతని అక్క ఊరి ఆఫీసులో గుమాస్తా. మంచు ఊడ్చే పని ఊరంతా తనకే రావాలని, నెలకింతని ముందే కట్టించుకునే కాగితాలు అచ్చువేయించి పంచుతున్నాడు.

"పిల్లా, ఇది ఆటకాదు, వ్యాపారం" అన్నాడు ప్రెంటిస్.

"అందుకేనా పోలీసుని తెచ్చుకున్నారు? ఒక్కరూ చెయ్యలేకా?" అంది లూడీ.

ఇంట్లో మాత్రం ఆ జోరు సాగలేదు. గాఫ్నీ మర్యాదగానే చెప్పి వెళ్లాడు గానీ స్టెఫాన్ ముఖం బూడిదరంగుకి తిరిగింది.

"నా జన్మలో పోలీసు నా గుమ్మం ఎక్కలేదు. ఇక చాలు. మానెయ్."

"నాన్నా, సగం పైనే కూడబెట్టా."

"మానెయ్ అన్నా."

తర్వాతి మంచు చిన్నదే. లూడీ ఇంట్లోనే కూర్చుంది. పార గోడకి ఆనించి ఉంది, దానికీ శిక్ష వేసి నిలబెట్టినట్టు. ఆ రోజు ప్రెంటిస్ ట్రక్కు వచ్చి రోడ్డుమీది మంచంతా ఇళ్ల మెట్లకేసి తోసి పోయింది. డబ్బు కట్టనివాళ్ల మెట్లు అతని లెక్కలో లేవు. మామ్మ సబోల్ డెబ్బై తొమ్మిదేళ్ల వయసులో చీపురు పట్టుకుని దిగింది, మూడో మెట్టుమీద జారింది. ఎముక విరగలేదు గానీ తుంటి అంతా నేరేడుపండులా కమిలింది.

ఆ కబురు విన్న లూడీ ముందు మామ్మ దగ్గరికి పోలేదు. తిన్నగా ఊరి ఆఫీసుకి పోయింది.

"ఆ పర్మిట్ చట్టం చూపించండి" అంది.

ప్రెంటిస్ అక్క తల ఎత్తలేదు. "ఎందుకమ్మా నీకు?"

"చదువుకుందామని. బళ్లో శ్రద్ధ లేదంటున్నారు."

చట్టం ఒకే ఒక్క పేజీ. ఇంటి తలుపు తట్టి గాని, గంట మోగించి గాని, కేకవేసి గాని, గోడలకు కాగితం అంటించి గాని పర్మిట్ లేనివారు పని అడుగరాదు. లూడీ దాన్ని మూడుసార్లు చదివింది. అంతకుముందు ఏ పుస్తకాన్నీ మూడుసార్లు తెరిచి కూడా ఎరగదు.

"అర్థమైందా?" అందావిడ.

"బాగా అర్థమైందండీ. ఎవరు రాశారో గానీ భలే రాశారు. ఒక్కటే మర్చిపోయారు."

"ఏమిటది?"

"చెబితే రాసేస్తారుగా."

అక్కణ్నించి మామ్మ ఇంటికి వెళ్లింది. మామ్మ సోఫామీద వేడినీళ్ల సంచి పెట్టుకుని పడుకుని, ప్రెంటిస్‌ని స్లొవాక్‌లో తిడుతోంది. అలిసిపోయినప్పుడు ఇంగ్లీషులో తిడుతోంది.

"మామ్మా, నేను పని అడక్కూడదు. అంతే చట్టం. మీరు అడిగితే తప్పు లేదు."

"అడగడానికి నీకు ఫోన్ ఉందా పాడా? మీ నాన్న తీయించేశాడుగా. ఈ తుంటితో మీ ఇంటిదాకా రమ్మంటావా?"

"మీరు రానక్కర్లేదు. మీ కుర్చీ ఎటు చూస్తూ ఉంటుంది?"

"రోడ్డుకేసి. అందరిదీ రోడ్డుకేసేగా."

"ఇంటికేసి తిప్పండి. తిరిగి ఉంటే నన్ను పిలిచినట్టు. నేను తలుపు కొట్టను, గంట నొక్కను, నోరెత్తను. వచ్చి తీసి పోతా."

మామ్మ వేడినీళ్ల సంచి పక్కన పెట్టి లేచి కూర్చుంది. ముఖం మీది ముడతలన్నీ ఒకేసారి పైకి జరిగాయి.

"ఒసేయ్ లూడీ, నువ్వు చెడిపోయిన పిల్లవే. ఎంత బాగా చెడిపోయావే!"

మర్నాడు శుక్రవారం. శుక్రవారాలు చర్చి నేలమాళిగలో ఆడవాళ్లంతా పొడుగాటి బల్ల చుట్టూ చేరి, అమ్మకానికి పియెరోగీలు చేస్తారు. పిండి ఒత్తి, బంగాళాదుంప ముద్ద కూరి, అంచులు నొక్కుతారు. ఒక పియెరోగీ అంచు మూసేలోపు కబురు బల్ల ఈ చివరనించి ఆ చివరకి వెళ్లి, మసాలా పట్టించుకుని వెనక్కి వస్తుంది. తుంటి నొప్పితో ఎందుకొచ్చావని అడిగినవాళ్లకి, పిండి ఒత్తేది తుంటితోనా అని జవాబిచ్చింది మామ్మ. నాలుగు వందల పియెరోగీలు అయ్యేసరికి కుర్చీ సంగతి తెలియని ఇల్లు బెల్లోస్ వీధిలో లేదు.

లూడీ సాయంత్రం వంటింట్లో కూర్చుని పారకి మైనం పూస్తోంది. స్టెఫాన్ చూశాడు.

"మానేశావనుకున్నా."

"తలుపు కొట్టను నాన్నా. ఒట్టు."

"మరి పారకి మైనమెందుకు?"

"పాపం దానికి చలేస్తోంది."

కొవ్వొత్తి ముక్క అయిపోతే స్టెఫాన్ సొరుగులోంచి ఇంకోటి తీసి బల్లమీద పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్లిపోయాడు.

ఫిబ్రవరి మూడో వారంలో వచ్చింది అసలు మంచు, టిబ్స్‌గారి కుక్క పైకప్పు ఎక్కిన మంచు. అది ఆగిన పొద్దున ఏడింటికి లూడీ తలుపు తీసి బయటికి చూసింది. ఉన్నవి పద్నాలుగు కుర్చీలు. వంటింటి కుర్చీ, తోటకుర్చీ, ఒక పియానో పీట, ఒక పసిపిల్లల ఎత్తుకుర్చీ. కొండ పైనించి కిందిదాకా ఒక్కటి మిగలకుండా పద్నాలుగూ రోడ్డుకి వీపు పెట్టి ఇళ్లకేసి చూస్తున్నాయి. ఆ వీధి మొత్తం ప్రెంటిస్‌కి వీపు చూపించినట్టే ఉంది.

లూడీ ఒక్క తలుపు కొట్టలేదు. కొండ పైనించి మొదలుపెట్టింది. నాలుగిళ్లు అయ్యాయి. అయిదోది మామ్మది. మెట్లు తీసి, బూడిద చల్లి, మంచు ఎత్తిపోస్తుండగా పైనించి పసుపుపచ్చ ట్రక్కు దిగివచ్చింది. ప్రెంటిస్ ట్రక్కు ఆపి దిగాడు. కుర్చీలన్నీ చూశాడు. పార పట్టుకున్న పిల్లని చూశాడు. రెండిటికీ ఏదో సంబంధం ఉందని అర్థమైంది. అదేమిటో అర్థం కాలేదు. అర్థం కానిది కోపంగా మారడానికి అతనికి ఎక్కువసేపు పట్టదు.

"ఏమిటీ చెత్త? సామాన్లన్నీ రోడ్డుమీద పడేశారేమిటి?"

"అవి సామాన్లు కావండీ" అంది లూడీ. "ముట్టుకోకండి. మీ మంచికే చెబుతున్నా."

ప్రెంటిస్ ముట్టుకున్నాడు. మామ్మ సబోల్ ఎర్ర కుర్చీని ఒంటిచేత్తో ఎత్తి ట్రక్కు వెనకకి విసిరాడు. ట్రక్కు అంచుకి తగిలి కుర్చీ కాలు ఒకటి మెలితిరిగిన చప్పుడు వీధి అంతా వినపడింది.

కింది మలుపులో గాలి ఆగిపోయింది అని చెప్పేవాళ్లున్నారు. గాలి సంగతి తెలియదు గానీ కిటికీ తెరలు మాత్రం వరసగా పైకి లేచాయి. ఎదురింటి అరుగుమీద టిబ్స్‌గారు కాఫీ కప్పుతో నిలబడి ఉన్నాడు. మిల్లులో ముప్ఫై ఏళ్లు క్రేను నడిపిన ముసలాయన, దేనికీ తొందర పడడు.

"అయ్యో బాబూ" అన్నాడు. "ఎంత పని చేశావు నాయనా."

మెట్లు దిగి తన ఆకుపచ్చ మడతకుర్చీ తీసుకుని, ట్రక్కు ఇనపరేకుకి మూరెడు ఎడంలో రోడ్డు మధ్య వేసుకుని కూర్చున్నాడు. కాఫీ ఊదుకుంటూ తాగాడు. ప్రెంటిస్ ట్రక్కెక్కి హారన్ మోగించాడు. ఆ హారన్‌కి ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. రాత్రి బట్టల మీద కోట్లు తొడుక్కున్నవాళ్లు, చేతిలో గరిటెతోనే వచ్చినవాళ్లు, సబ్బు నురగ గడ్డంతో వచ్చినవాళ్లు. ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకుని టిబ్స్‌గారి పక్కన వరస వేశారు. వెనక్కి పోదామని ప్రెంటిస్ గేరు మార్చాడు. ఆ వాలుమీద, ఆ మంచుగడ్డమీద చక్రాలు గిర్రున తిరిగాయి గానీ ట్రక్కు పక్కకి జారి ఎత్తిపోసిన మంచుగుట్టలో కూరుకుపోయింది.

మామ్మ సబోల్ కర్ర పట్టుకుని వచ్చింది. అందరూ కూర్చున్నారు, ఆవిడకే కుర్చీ లేదు. అది ట్రక్కు వెనక కాళ్లు పైకి పెట్టి పడి ఉంది.

అప్పుడు హర్చార్‌ల ఇంటి తలుపు తెరుచుకుంది. స్టెఫాన్ ఇంటి చెప్పులతోనే మంచులోకి దిగాడు. చేతిలో నేలమాళిగ కుర్చీ, దానిమీద రెండేళ్ల దుమ్ము. చొక్కా చేత్తో దుమ్ము తుడిచి, ఇనపరేకు నడిమధ్యకి ఎదురుగా వేశాడు.

"కూర్చో మామ్మా."

మామ్మ కూర్చుంది. స్టెఫాన్ పక్కన నిలబడి చేతులు కట్టుకున్నాడు. లూడీ తండ్రికేసి చూసింది. ఆయన చూడలేదు. "పని ఆపావేం? అక్కడ ఇంకా తొమ్మిది మెట్ల వరసలున్నాయి" అన్నాడు ట్రక్కుకేసి చూస్తూనే.

పోలీసుని పిలవమని గొడవ చేసింది ప్రెంటిసే. "పిలుచుకో బాబూ, నా ఫోనే వాడుకో" అని టిబ్స్‌గారు ఇంట్లోకి పంపాడు. గాఫ్నీ కారు కొండ ఎక్కలేదు, మెట్లదారిన ఎక్కి వచ్చేసరికి ఆయాసంతో మాట రావడం లేదు. ఎవరో కాఫీ ఇచ్చారు.

"ఈ పిల్లకి పర్మిట్ లేదు, వీధంతా పని చేసేస్తోంది!" అన్నాడు ప్రెంటిస్.

గాఫ్నీ లూడీని పిలిచాడు. "తలుపు కొట్టావా?"

"లేదు సార్."

"గంట?"

"లేదు."

"కేక వేశావా?"

"జారినప్పుడు ఒకటి వేశా. అది పని కోసం కాదు."

"కాగితం?"

"నా అక్షరాలు చూస్తే ఉన్న పని కూడా పోతుంది సార్."

"మరి వీళ్లంతా నిన్నెలా పిలిచారు?"

"పిలిచిందెవరు?" అన్నాడు టిబ్స్‌గారు. "నా కుర్చీ, నా ఇష్టం వచ్చినవైపు తిప్పుకుంటా. ముప్ఫై ఏళ్లుగా రోడ్డు చూసీ చూసీ విసుగొచ్చింది, ఒకసారి ఇల్లు చూసుకుందామనిపించింది. అందరికీ అదే రోజు అనిపించింది, ఏం చేస్తాం."

గాఫ్నీ మీసం కదిలింది. ఏదో అనబోతూ ట్రక్కు వెనకకేసి చూశాడు. మీసం ఆగిపోయింది.

"ఆ కుర్చీ ఎవరిది?"

"అడ్డంగా ఉంటే తీసి పడేశా" అన్నాడు ప్రెంటిస్. "పాత కుర్చీ అది."

"తీసేశావా?"

"చిరిగిపోయింది కూడా."

"కుర్చీ తీసేశావా అని అడుగుతున్నా" అన్నాడు గాఫ్నీ. గొంతు పోలీసుది కాదు, ఆ కొండమీద పుట్టినవాడిది. "దానిమీద కూర్చుని నేను చిన్నప్పుడు మామ్మ చేతి పియెరోగీలు తిన్నాను. నాకు ముందు మా అన్నయ్య తిన్నాడు. తలుపులు కొట్టడం మీద చట్టం ఉంది, ఆ పిల్ల కొట్టలేదు. పరాయి సొత్తు విరగ్గొట్టడం మీద ఇంకో చట్టం ఉంది, అది చదువుతావా? లేకపోతే నీ చేత్తో తీసి, ఎక్కడుందో అక్కడ పెడతావా?"

ప్రెంటిస్ తీశాడు. మూడుకాళ్లమీద నిలబడనంటే ఆ కుర్చీని మంచులో గుచ్చి నిలబెట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, ట్రక్కు మంచుగుట్టలో కూరుకుపోయి ఉందని. చుట్టూ చూశాడు. వీధి మొత్తానికి పార పట్టుకున్న మనిషి ఒక్కరే.

"ఏయ్ పిల్లా, ఇలా వచ్చి ఇది తవ్వు."

లూడీ కదల్లేదు. "పని అడగడానికి నాకు పర్మిట్ లేదండీ. మీరే అడగాలి."

"అడుగుతున్నాగా!"

"నోటితో కాదండీ. ఈ వీధికి ఒక పద్ధతి ఉంది. మీ కుర్చీ ఎక్కడ?"

అతనికి కుర్చీ ఎక్కడిది? పద్నాలుగు కుర్చీల మీద పద్నాలుగు మంది ఉన్నారు. ఒక్కరూ లేవలేదు. చివరికి మామ్మ కర్రతో చూపించింది.

"నువ్వు వంచావుగా, దాన్నే వాడుకో నాయనా. అరువిస్తా. జాగ్రత్త, ఇంటికేసి తిప్పు."

ప్రెంటిస్ మూడుకాళ్ల కుర్చీని మంచులోంచి పెరికి, ఇంటికేసి తిప్పి, మళ్లీ గుచ్చాడు. అది ఒక పక్కకి ఒరుగుతుంటే వంగి పట్టుకుని నిలబడ్డాడు, లూడీ తవ్వినంతసేపూ. ఆమె తొందరేమీ పడలేదు. మధ్యలో ఆగి పారకి మైనం కూడా పూసుకుంది. ఎంత తీసుకుందని తర్వాత అందరూ అడిగారు. కొండ నెత్తిమీద ఉండేవాళ్ల రేటు వేరే అని మాత్రం చెప్పింది. ఆ రోజు సాయంత్రానికి ముసుగూ, తోలు చేతొడుగులూ, ఉక్కు ముక్కు బూట్లూ కొనడానికి సరిపోయింది. బూట్లు రెండు సైజులు పెద్దవి. స్టెఫాన్ తన పాత మిల్లు మేజోళ్లు తెచ్చి ముక్కుల్లో కూరాడు.

మార్చి ఒకటిన లూడీ చేతిపనుల బడికి ఒక్కర్తే వెళ్లలేదు. ఎర్ర కుర్చీ భుజాన వేసుకుని వెళ్లింది. మొదటి వారం ఇనపముక్కల మీదే చెయ్యి తిప్పించారు. రెండో వారం ఆమె అడక్కుండానే కుర్చీని బల్లమీద పెట్టి కాలు అతికించింది. మాస్టారు ముసుగెత్తి చూశాడు.

"ఇది వెల్డు కాదమ్మాయ్, మొటిమ."

"పట్టుకుందా లేదా చెప్పండి."

మాస్టారు ఆ కుర్చీమీద కూర్చున్నాడు. బరువైన మనిషి. అటూ ఇటూ ఊగాడు. కాలు కదల్లేదు.

ఆ ఎండాకాలంలోనే ఊరి కౌన్సిలు చట్టంలో ఇంకో వాక్యం కలిపింది, కుర్చీ పెట్టి గాని పని అడుగరాదు, అడిగించరాదు అని. మరుసటి చలికాలం బెల్లోస్ వీధివాళ్లు ఇస్త్రీ బల్లలు పెట్టారు. వాటి పేరు కలిపేలోపు మంచు కరిగిపోయింది. ఆ పై ఏడు ఎన్నికలొచ్చాయి, మామ్మ పియెరోగీల బల్ల దగ్గర ఎవరికి ఓటెయ్యాలో కూడా తేలిపోయింది, కౌన్సిలు మారింది.

లూడీ ఇప్పుడు యాభై దాటింది. నదిమీదున్న వంతెనల్లో మూడింట్లో ఆమె అతుకులున్నాయి. ఆమె మాట నమ్మితే మిగతావి కూడా ఆమె భయానికే నిలబడ్డాయి. మామ్మ పోతూ పోతూ ఇల్లు కొడుక్కి, కుర్చీ లూడీకి రాసింది. చలికాలం వస్తే ఆ ఎర్ర కుర్చీ హర్చార్‌ల ఇంటిముందు ఉంటుంది. ప్లాస్టరు మీద ప్లాస్టరు పడి రెక్సిన్ అసలు రంగు కనపడదు, కాలిమీది మొటిమ మాత్రం ఎంత మంచు పడినా కనపడుతుంది. కిందటేడు పై చదునులోంచి వచ్చిన ఒక కుర్రాడు కారు కిటికీ దించి, "ఆంటీ, ఇది కాస్త జరపనా?" అని అడిగాడు.

"జరుపు బాబూ" అంది లూడీ, పార గోడకి ఆనించి, చేతొడుగులు తొడుక్కుంటూ. "జరిపి చూడు."

కుర్రాడు కిటికీ ఎత్తుకుని వెళ్లిపోయాడు.